పేల్చాలా వద్దా అన్నది రాత్రి తేల్చే మాట కాదు



పోయిన వారం మక్కచేను కాపలా గురించి పెట్టిన వీడియో కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగిండ్రు. "అన్నా, సోలార్ కంచె, ఆముదం కంచె అన్నీ చెప్తున్నవ్. తుపాకీ ఉన్నోణ్ణి పిలిచి రెండు పందులను కొట్టిస్తే ఏడాదంతా బేఫికర్ గదా?" ఇంకొకాయన అయితే "పందులే కాదు, దుప్పులు కూడా మా పెసరచేను ఊడ్చిపెట్టినయ్, వాటినెందుకు కొట్టొద్దు?" అన్నాడు. ఒకరిద్దరికి ఫోన్లోనే జవాబు చెప్పిన. కానీ ఇది ఫోన్లో తెగే ముచ్చట కాదు. నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్న. కొందరికి నచ్చకపోవచ్చు. అయినా పూర్తిగా చదవండి.

ముందు నా తప్పు నేను చెప్పుకుంటా.

కొన్నేళ్ల కింద, ఎండాకాలం మొదట్ల, రెండెకరాల మక్క వేసిన. కంకి పాలు పట్టింది. ఒక్క రాత్రిల అడవిపందుల గుంపు దిగి ఇరవై గుంటలు నేలమట్టం చేసింది. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. మీకందరికీ తెలిసిందే, పంది కంకిని కోసుకొని తినదు, కట్టెను విరిచి పడేస్తది. ఆ పొద్దు గట్టు మీద కూసొని నేను ఏడ్చినంత పని చేసిన. పక్క చేను కాక వచ్చి, "నాకు తెలిసిన మనిషి ఉన్నడు, లైసెన్సు తుపాకీ ఉంది, పిలుద్దాం" అన్నడు. అనుమతి కాగితం సంగతి నేనూ అడగలేదు, కాకా అడగలేదు. కోపం అట్లుంటది.

రాత్రి ముగ్గురం మంచె మీద కూసున్నం. పన్నెండు దాకా ఏమీ లేదు. రెండింటికి కొంచెం అలికిడి అయింది, మళ్లీ సప్పుడు లేదు. నాలుగు దాటినంక చేను చివర, అడవి దిక్కు ఒరం మీద, నల్లగ ఏదో కదిలింది. వంగి ఉంది. ఆగుతంది, కదులుతంది, మళ్లీ ఆగుతంది. టార్చి వేసినం. కండ్లు మెరవలేదు. కాక మెల్లగ అన్నడు, "పందే. దుప్పి అయితే కండ్లు మెరుస్తయ్." తుపాకీ ఎత్తిన పెద్దమనిషి నా దిక్కు చూసిండు. చేను నాది గదా, మాట నేను చెప్పాలె. "కొట్టు" అనే మాట నా నాలుక చివర ఉంది.

అప్పుడే ఆ నల్లటిది దగ్గింది.

మా ఊరి ముసలవ్వ. ఇప్పపువ్వు ఏరుకోను వచ్చింది. మా ఒరం అవతల రెండు ఇప్పచెట్లు ఉన్నయ్. పువ్వు తెల్లవారుజామున రాలుతది, పశువులు తినకముందే ఏరుకోవాలె అని చీకట్లనే బయల్దేరుతరు. నల్లటి గొంగడి కప్పుకొని, గంప పక్కన పెట్టుకొని, వంగి ఏరుతంది. ఆమెకు మా సంగతి తెలియదు, మాకు ఆమె సంగతి తెలియదు. టార్చి వెలుగు చూసి కూడా, మేం కాపలా ఉన్నమని ధైర్యపడిందట పాపం.

ఆ పొద్దటి నుంచి ఇయ్యాల్టి దాకా నేను ఆ దగ్గునే తలుచుకుంటున్న. అవ్వకు దగ్గు రాకపోతే నేను ఇయ్యాల మీకు జీవామృతం గురించి వీడియోలు చేసే మనిషిని కాను.

కాబట్టి నా మాట సూటిగా చెప్తున్న. తుపాకీ పేల్చడం ఎప్పుడు సురక్షితం అన్న ప్రశ్నకు జవాబు రాత్రి మంచె మీద దొరకదు. అది పగటిపూట, చేను చుట్టూ కాలినడకన తిరిగి తేల్చుకునే విషయం. పగలు తేల్చుకోనోడు రాత్రి పేల్చొద్దు. పగలు నిజాయితీగా తేల్చుకుంటే మన చేన్లలో చాలావాటికి వచ్చే జవాబు "ఇక్కడ వద్దు" అనే.

ఎందుకో ఒక్కొక్కటి చెప్తా.

కండ్ల మెరుపు మాట

మన కాక చెప్పిన లెక్క ఊర్లల్లో అందరూ చెప్పేదే. అందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజమే ప్రాణం తీస్తది. ఆవు, ఎద్దు, బర్రె, మేక, కుక్క, నక్క, దుప్పి, వీటి కంటి వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటది. టార్చి వెలుగు దాని మీద పడి తిరిగి వస్తది, అందుకే కండ్లు దీపాల లెక్క మెరుస్తయ్. పందికి ఆ పొర లేదు. అందుకే దాని కన్ను సరిగ్గ మెరవదు.

ఇంతవరకు కాక మాట నిజమే. కానీ ఆ పొర మనిషికి కూడా లేదు.

ఇప్పుడు ఆలోచించండి. చీకట్ల టార్చి వేస్తే బాగా మెరిసినయి అంటే అది పక్కోని ఎడ్లో, బర్రెనో, కుక్కనో, లేకపోతే దుప్పో. మెరవకుండ నల్లగ వంగి కదిలింది అంటే అది పందన్న కావాలె, మనిషన్న కావాలె. అంటే "మెరవలేదు, కొట్టు" అన్న లెక్క మనల్ని సరిగ్గ మనిషి దగ్గరికే తీసుకపోతది. కండ్లు చూసి జంతువును గుర్తుపట్టొద్దు. తల, మూతి, వీపు, కాళ్లు, తోక, మొత్తం ఒళ్లు కనబడాలె. ఒళ్లు మొత్తం కనబడకపోతే అది పంది కాదు, అది "ఏదో ఒకటి". ఏదో ఒకదాని మీద తుపాకీ పేల్చే హక్కు ఎవ్వరికీ లేదు.

సప్పుడు విని కొట్టడం ఇంకా అన్యాయం. మక్కకట్టె విరిగిన సప్పుడు పంది చేసినా, మోటరు చూడవచ్చిన మనిషి చేసినా ఒకటే లెక్క వినబడతది.

గుండు చేను గట్టు దగ్గర ఆగదు

రెండో సంగతి. మనం పంది దిక్కే చూస్తం. పంది వెనక ఏముందో చూడం. గుండుకు మాత్రం మన గట్టు, పక్కోని గట్టు అన్న తేడా ఉండదు. పాయింట్ ఇరవై రెండు అనే చిన్న రైఫిల్ గుండు కూడా మైలున్నర దాకా పోయి మనిషిని గాయపరచగలదు. మైలున్నర అంటే రెండు కిలోమీటర్ల నర దగ్గర. పెద్ద రైఫిళ్ల గుండ్లు అంతకన్న చాలా దూరం పోతయ్. పన్నెండు బోరు తుపాకీల వేసే పెద్ద గుండ్లు కొన్ని వందల మీటర్లు పోతయ్, అదీ ఒక్క దిక్కు కాదు, చెదిరిపోతయ్. మీ చేను నుంచి ఊరు ఎంత దూరమో, పక్క బాయి కాడ కొట్టం ఎంత దూరమో ఒక్కసారి మనసుల కొలుచుకోండి.

మా మహదేవపూర్ దిక్కు నేల చదును. గోదావరి ఒడ్డు పొడుగునా చేన్లు, మధ్యమధ్యన అడవి ముక్కలు. గుండును ఆపే మట్టిదిబ్బ, గుట్ట ఎక్కడో గానీ ఉండదు. చెట్లు గుండును ఆపుతయ్ అనుకోవద్దు. కొమ్మ తగిలితే గుండు దారి తప్పుతది, ఎటు పోతదో పేల్చినోనికి కూడా తెలియదు. బండరాయి మీద పడ్డా, చెరువు నీళ్ల మీద ఏటవాలుగ పడ్డా చిన్నప్పుడు మనం పెంకులు విసిరితే ఎగిరినట్టు ఎగిరిపోతది.

అందుకే తుపాకీ పని తెలిసినోళ్లు ఒక మాట పట్టుకుంటరు. జంతువు కనబడితే చాలదు, తప్పిపోయిన గుండు ఎక్కడ మట్టిల కూరుకుపోతదో ముందు కనబడాలె. మంచె మీద నుంచి, దగ్గర నుంచి, కిందికి కొడితే గుండు నేలల పోతది. అదే నేల మీద నిలబడి అడ్డంగ కొడితే ఊరి దిక్కు పోతది. ఆకాశం గీత మీద, అంటే గట్టు పైన నిలబడ్డ జంతువు మీద ఎన్నటికీ పేల్చొద్దు. దాని వెనక ఏముందో మనకు కనబడదు.

ఈ మధ్య రాత్రిపూట ఒంటి వేడిని చూపించే కెమెరాలు వచ్చినయ్. మంచివే. కానీ అది ముందున్న జంతువును చూపిస్తది, చెట్ల గుబురు వెనక పన్న మనిషిని చూపించదు. యంత్రం ఉందని మట్టి గట్టు అక్కరలేకుండ పోదు.

అడవి ఖాళీగ ఉంటదా?

పట్నం వాళ్లు అడవి అంటే మనుషులు లేని జాగ అనుకుంటరు. మనకు తెలుసు గదా. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. ఆ వెంటనే మే దాకా తునికాకు. ఇంటిల్లిపాది చీకట్లనే బయల్దేరుతరు. వానాకాలంల మద్దిచెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచేటోళ్లు పిట్టల కావలి కూసుంటరు. మహదేవపూర్ దసలి పట్టుకు పేరు ఊరికే రాలేదు, అడవిల కూసున్న ఆ మనుషుల వల్ల వచ్చింది. కట్టెలకు, తేనెకు, పుట్టగొడుగులకు, తప్పిపోయిన బర్రెకు ఎవరో ఒకరు తిరుగుతనే ఉంటరు. శివరాత్రికి కాళేశ్వరం నడిచి పోయేటోళ్లు, మేడారం జాతర ఏడాది అడ్డదారిన పోయేటోళ్లు వేరే. అడవిల పోలీసులు తిరుగుతరు, ఫారెస్టోళ్లు తిరుగుతరు.

అమెరికాల దుప్పుల వేట చట్టబద్ధం. లైసెన్సు ఇస్తరు, సీజన్ పెడతరు. అక్కడ ఉంటున్న మనోళ్లను అడగండి, చెప్తరు. చాలా రాష్ట్రాలల్ల తుపాకీతో దుప్పి వేటకు పోయేటోడు దూరం నుంచి కనబడే నారింజ రంగు బట్ట వేసుకోవాలె. దుప్పిని చీకటి పడ్డంక కొట్టొద్దు. పొద్దు పొడవక ముందు, పొద్దు మునిగినంక మహా అంటే అరగంట, అంతే. కొత్తగ వేటకు పోయేటోనికి ముందు క్లాసులు పెట్టి, పరీక్ష పెట్టి పంపిస్తరు. అంత పద్ధతి ఉన్నకాడ కూడా పొదల కదిలింది దుప్పి అనుకొని తోటి మనిషిని కొట్టిన ఘటనలు జరుగుతనే ఉంటయ్. మనకాడ నారింజ బట్ట లేదు, క్లాసు లేదు, పరీక్ష లేదు. పైగా పని అంతా అర్ధరాత్రే. ఇగ మన లెక్క ఎట్లుంటదో మీరే చెప్పండి.

దుప్పుల సంగతి

పెసరచేను పోయిన అన్నకు ఇప్పుడు జవాబు. అన్నా, నీ బాధ నాకు తెలుసు. చుక్కల దుప్పులు మందగా వస్తయ్, లేత చిగురు కొరికి పోతయ్. కానీ దుప్పి మీద, కణితి మీద, కృష్ణజింక మీద తుపాకీ ఎప్పుడు సురక్షితం అని అడిగితే నా జవాబు ఒక్కటే, ఎప్పుడూ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఉచ్చు పెట్టినా, తీగ పెట్టినా, కొట్టబోయి తప్పినా కూడా చట్టం దాన్ని వేట అనే అంటది. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ జంతువు అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

2017 మార్చిలో మన మహదేవపూర్ అడవుల్లోనే దుప్పుల వేట కేసు రాష్ట్రమంతా మోగింది గుర్తుందా. తుపాకులు పట్టుకొని వచ్చి దుప్పులను కొట్టిండ్రు. ఊరి పేరు పేపర్లల్ల వేటగాళ్ల అడ్డా లెక్క పడ్డది. ఆ తుపాకులు పేలిన రాత్రులల్ల చుట్టుపక్కల కావలి పండుకున్న రైతులు ఎందరున్నరో ఎవ్వరూ లెక్కపెట్టలేదు. నాకు ఆ కేసు గుర్తొస్తే దుప్పులకన్న ముందు ఆ రైతులే గుర్తొస్తరు.

పంది సంగతి వేరు. పంటకు, ప్రాణానికి ప్రమాదం అయితే అధికారి కారణం రాసి, రాతపూర్వకంగ అనుమతి ఇచ్చే వీలు అదే చట్టంల 11వ సెక్షన్ల ఉంది. తెలంగాణల పందుల విషయంల ఆ పనిని సర్పంచుల దాకా తెచ్చి, గుర్తింపు ఉన్న షూటర్లతో చేయించే ఏర్పాటు కూడా చేసిండ్రు. కాబట్టి దారి లేదని అనను. ఇప్పుడు మీ మండలంల పద్ధతి ఎట్లుందో రేంజ్ ఆఫీసుల అడగండి. కానీ రెండు మాటలు కలపొద్దు. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును కొట్టే అనుమతి వేరు. 1959 ఆయుధాల చట్టంల పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీ లైసెన్సు ప్రస్తావన ఉంది, నిజమే. ఆ లైసెన్సు జేబుల ఉన్నంత మాత్రాన జంతువును కొట్టొచ్చని కాదు. కొట్టిన పంది కూడా మనది కాదు, అది ప్రభుత్వ ఆస్తి. కూర పంచుకోను కాదు.

కూర గురించి ఒక్క మాట కుండబద్దలు కొట్టి చెప్తా. పంట కోసం అని మొదలైన కాపలా చాలాకాడ కూర కోసం వేట అయి కూసుంటది. కూర మీద మనసు పోయినంక ఆగడం ఉండదు. "సగం కనబడ్డా చాలు, కొట్టు" అంటది మనసు. సురక్షితమా కాదా అని అడగాల్సిన మనిషే అప్పుడు ఆశల పడిపోతడు. ఎవరి మాట మీద తుపాకీ ఎత్తుతరో ఆ మనిషికి కూరల వాటా ఉండొద్దు. ఇది నేను పెట్టుకున్న నియమం.

గాయపడ్డ పంది

ఇంకొకటి చాలామంది మరిచిపోతరు. గుండు తగిలి పడిపోకపోతే ఏంది? గాయపడ్డ అడవిపంది కన్న మొండి జంతువు లేదు. అది మీ మక్కచేన్లనే, లేకపోతే పక్క పత్తిచేన్లనో దాసుకుంటది. పొద్దున కలుపుకు వచ్చిన అక్కల మీద పడ్డదంటే కాలు చీల్చేస్తది. కాబట్టి దగ్గర లేకపోయినా, ఉరుకుతున్నా, ఎదురుగ వస్తున్నా, పిల్లలతోని ఉన్నా పేల్చొద్దు. పక్కకు తిరిగి, కదలకుండ, పూర్తిగ కనబడి, ఒంటరిగ ఉన్నప్పుడు మాత్రమే. మందల ఉన్నప్పుడు ఒకదాన్ని కొడితే గుండు దాటిపోయి ఇంకొకదానికి తగులుతది, రెండోది ఎటు పోయిందో మనకు తెలియదు. గాయపడ్డదని అనుమానం వస్తే తెల్లారే దాకా ఆ చేన్లకు ఎవ్వరూ దిగొద్దు, చుట్టుపక్కల అందరికీ ఫోన్ చేసి చెప్పాలె. చెప్పడానికి సిగ్గుపడితే వేరేవాళ్ల కాలు పోతది.

కరెంటు తీగ గురించి

"తుపాకీ వద్దంటవ్, సరే, మరి తీగ?" అని మనసుల అనుకునేటోళ్లు ఉన్నరు. బయటికి అనరు. తుపాకీ పట్టిన మనిషి కనీసం చూస్తడు, ఒక్క క్షణం ఆలోచిస్తడు. కరెంటు తీగ చూడదు, ఆలోచించదు, దగ్గు వినబడినా ఆగదు. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిల వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగ తగిలి గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకాయన చనిపోయిండు. డ్యూటీ మీద అడవిల నడుస్తున్న మనిషి. తీగ పెట్టినోనికి ఆయన మీద పగ లేదు, ఆయన ఉన్నడని కూడా తెలియదు. నేను చెప్పేది ఇదే. తెలియకపోవడమే ఇక్కడ నేరం.

సోలార్ కంచెను, ఈ తీగను కలపొద్దు. సోలార్ కంచెల కరెంటు సెకనుకు ఒక్కసారి, కన్ను ఆర్పేంత సేపు కూడా ఉండదు. దెబ్బ తగులుతది, జంతువు బెదిరిపోతది, ప్రాణం పోదు. అదీ కంపెనీ యంత్రంతో, సరిగ్గ ఎర్తింగ్ చేసి పెడితేనే. స్తంభం నుంచి నేరుగ తీగ లాగితే అది కంచె కాదు, ఉరి.

పగలు చేయాల్సిన పని

అనుమతి వచ్చి, గుర్తింపు ఉన్న షూటర్ వచ్చి, పందుల కోసం పని చేయక తప్పదు అన్నప్పుడు, ముందు రోజు సాయంత్రం వెలుగు ఉండగనే ఇట్ల చేయండి.

ఒకటి. షూటర్‌ను పట్టుకొని చేను నాలుగు దిక్కులా నడవండి. ఇల్లు, కొట్టం, బాయి, బాట, ఇప్పచెట్టు, మేకల దొడ్డి ఎటున్నయో వేలు పెట్టి చూపియ్యండి. ఏ దిక్కు మట్టి గట్టు గుండును ఆపుతదో ఆ ఒక్క దిక్కే పేల్చే దిక్కు. రెండు గూటాలు పాతి, తెల్ల గుడ్డ కట్టండి. ఆ గూటాల మధ్యన తప్ప పక్కకు తుపాకీ తిరగొద్దు. అటువంటి దిక్కు ఒక్కటీ లేకపోతే పని అక్కడికే ఖతం. షూటర్‌కు చాయ్ పోసి పంపియ్యండి.

రెండు. ఊర్లె దండోరా వేయించండి, వాట్సాప్‌ల పెట్టండి. పక్క చేన్లోళ్ల ఇంటికి పోయి నోటితో చెప్పండి. ఇప్పపువ్వు, తునికాకు రోజులల్ల మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. దండోరా వినని ముసలవ్వ ఎప్పుడూ ఒకరు ఉంటరు.

మూడు. పేల్చేటోడు ఒక్కడే, తుపాకీ ఒక్కటే. పక్కన ఇంకో మనిషి కూసోవాలె, ఆయన పని జంతువును చూసుడు కాదు, వెనక, పక్కన చూసుడు. "ఆగు" అని ఎవరు అన్నా ఆగాలె. "కొట్టు" అని మాత్రం ఎవ్వరూ అనొద్దు. నేను ఆ రాత్రి అనబోయిన మాట అదే. రైతు కోపంల ఉంటడు, ఆయన చేతిల నిర్ణయం ఉండొద్దు.

నాలుగు. మందు తాగినోడు మంచె ఎక్కొద్దు. నాటు తుపాకీ చేను దరిదాపులకు రావొద్దు. తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోవాలె. మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఖాళీ చేయాలె. పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోవద్దు.

ఐదు. అనుమానం వస్తే పేల్చుడు లేదు. పది రాత్రులు కూసొని ఒక్కసారీ పేల్చకుండ దిగి వచ్చిన షూటరే మంచి షూటర్. "రాత్రికి నాలుగు కొట్టిన" అని మీసం తిప్పేటోణ్ణి పిలవకండి.

"నీకేం, పంట పోయినోనికి తెలుస్తది"

ఈ మాట వస్తదని నాకు తెలుసు. నాకు పంట పోయింది, ఇరవై గుంటలు పోయింది, పైన చెప్పిన. పరిహారానికి ఫారెస్టోళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తిరుగుడు ఎక్కువ, వచ్చేది తక్కువ అని రైతులు అనే మాటను నేను కాదనను. అందుకే కోపం తుపాకీ దిక్కు పోతది. కానీ లెక్క వేయండి. పంది గుంపుల రెండు పడితే మిగతావి పది రోజులు రావు, మళ్లీ వస్తయ్. అడవిల వాటికి కావాల్సింది మన చేన్ల ఉన్నంత కాలం వస్తనే ఉంటయ్. ఒక్క రాత్రి తుపాకీ కన్న ఏడాది కంచె నయం. ఇది సేంద్రియం, ప్రకృతి వ్యవసాయం చేసే మనకు కొత్త మాట కాదు. పురుగు వచ్చినంక మందు కొట్టుడు కాదు, రాకుండ చూసుకొనుడు అని మనమే గదా ఊరంతా చెప్తున్నం. పంది దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోతమా?

ఆ ఏడాది నుంచి నేను చేస్తున్నది ఇది. మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం దగ్గరదగ్గరగ వేస్తున్న. పల్లి వేసిన ఏడు చుట్టూ కుసుమ వేసిన, ముండ్లకు మూతి పెట్టలేక పందులు మళ్లిపోతయ్. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా ఈ కంచె పంటలనే చెప్తరు. అడవి దిక్కు ఉన్న ఒక్క వైపు సోలార్ కంచె, పందికి తగిలేటట్టు కింది తీగ జానెడు ఎత్తుల. దుప్పి దూకే జంతువు, దానికి కింది తీగ పనిచేయదు. దుప్పులు వచ్చే దిక్కు ఎత్తుగ పాత చీరెలు, చేపల వలలు కడుతున్న. అడవి అంచు చెలకల మక్క, పెసర మానేసి, జంతువులు అంతగ ముట్టని మిరప, పసుపు వేస్తున్న. పాలు పట్టే ఇరవై రోజులు మాత్రం నలుగురం రైతులం వంతులు వేసుకొని కావలి ఉంటున్నం. చేతిల తుపాకీ లేదు. డబ్బా ఉంది, టార్చి ఉంది, మంట ఉంది.

నష్టం సున్నా అయ్యిందా అంటే కాలేదు. పోయిన ఏడు కూడా రెండు మూడు గుంటలు పోయింది. ఇరవై గుంటల నుంచి మూడు గుంటలకు వచ్చిన. ఆ మూడు గుంటలు అడవి పక్కన బతుకుతున్నందుకు కట్టే శిస్తు అనుకుంటున్న.

ఆ ముసలవ్వ ఇప్పటికీ వస్తది. ఎండాకాలం వస్తే నా మంచె కిందనే గంప దించి, "బిడ్డా, లేచినవా?" అని పిలుస్తది. ఆ రాత్రి సంగతి ఆమెకు నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు. ఇక్కడ రాసిన కాబట్టి ఎవరన్న చదివి వినిపిస్తరేమో. వినిపిస్తే మంచిదే, తిట్టినా పడతా.

మీ చేను చుట్టూ ఒకసారి పగలు నడిచి, గుండును ఆపే దిక్కు ఉందో లేదో చూసి కామెంటుల రాయండి. ఎన్ని చేన్లల్ల "ఉంది" అని వస్తదో చూద్దాం. ఆముదం కంచె, సోలార్ కంచె ఖర్చు లెక్కలు వచ్చే వీడియోల చూపిస్తా.

ఉంటా. జాగ్రత్త.